చెట్టు మొదట్లో ఒక మీటరు మట్టి వదలండి: హైదరాబాద్ కాలనీ వీధుల చెట్ల గురించి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో మొక్కలు నాటించే, రోడ్లు వేయించే, కరెంటు తీగలు చూసే, పైపులూ కేబుళ్లూ వేయించే అధికారులందరికీ; ఆ పనులు చేసే కాంట్రాక్టర్లకు; కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈ లేఖలో ఉన్నవి కొత్త సంగతులు కావు. వినతిపత్రాలుగా మీ కార్యాలయాల్లో ఇదివరకే ఇచ్చినవి. రసీదు ముద్ర పడింది గానీ జవాబు రాలేదు. మొక్కలు నాటేవారిని అడిగితే కొమ్మలు కొట్టడం కరెంటు వాళ్ల పని అన్నారు. కరెంటు వాళ్లు వేర్ల సంగతి రోడ్డు వాళ్లను అడగమన్నారు. రోడ్డు వాళ్లు టెండరులో చెట్టు ఊసే లేదన్నారు. ముగ్గురు చెప్పిందీ నిజమే. అందుకే ఇప్పుడు ముగ్గురికీ కలిపి, నలుగురి ముందూ రాస్తున్నాం.

మీరు చేసిన మంచిని కాదనడం లేదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం మొదలయ్యాక నగరంలో ఎన్నో మొక్కలు నాటారు. హైదరాబాద్ అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు ఉండగా 2021 నాటికి 81.81 చదరపు కిలోమీటర్లకు చేరిందని భారత అటవీ సర్వే నివేదిక చెప్పింది. 2021 ఫిబ్రవరిలో 'ప్రపంచ వృక్ష నగరం' గుర్తింపు అందుకుని, దేశంలో ఆ పేరు తెచ్చుకున్న మొదటి నగరం అయింది. మాకూ సంతోషమే. కానీ ఆ సర్వే ఉపగ్రహ చిత్రాల్లో అటవీ విస్తీర్ణంగా లెక్కగట్టేది కనీసం ఒక హెక్టారు మేర గుబురుగా ఉన్న చోటును. ముప్పై అడుగుల రోడ్డు పక్కన వరసగా నిలబడ్డ పది కానుగ చెట్లు ఆ లెక్కలోకి ఎక్కవు. అవి పోయినా ఆ అంకె తగ్గదు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టిన సంగతి 2025లో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం ఏళ్ల తరబడి జనం కొట్లాడారు. వెళ్లాల్సిందే, కొట్లాడాల్సిందే. మా గల్లీ చివరి వేపచెట్టుకు మాత్రం ఏ కోర్టూ లేదు. దాని బతుకు మీ టెండరు కాగితంలోని ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది.

ఆ నీడ ఎవరిదో కూడా చెప్పాలి. ఇంట్లో ఏసీ ఉన్నవాళ్లకు వీధి చెట్టు అందం. ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషికి, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే అమ్మకు, తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కేదాకా ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు, ఆటో స్టాండులో సవారీ కోసం చూసే డ్రైవరుకు, అపార్ట్‌మెంటు గేటు ముందు కుర్చీ వేసుకున్న వాచ్‌మన్‌కు అది పని చేసుకునే చోటు. చెట్టు పడిపోయిన మరుసటి మే నెలలో వీళ్లు ఎక్కడికి పోవాలి?

ఇక అంశాల వారీగా.

1. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు

మా ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. సీసీ రోడ్డు వేసినా, ఫుట్‌పాత్ మీద పేవర్ టైల్స్ పరిచినా, మేస్త్రీలు కాంక్రీటును చెట్టు బెరడుకు ఆనించి పోస్తున్నారు. కొన్ని కాలనీల్లో ఇంటివాళ్లే శుభ్రంగా ఉంటుందని చుట్టూ గట్టు కట్టి, లోపల కూడా సిమెంటు పూస్తున్నారు.

దీనివల్ల చెట్టుకు ఏమవుతుందో వివరంగా చెప్పక తప్పదు. నీటిని, గాలిని పీల్చే సన్నవేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వేరుకూ గాలి కావాలి. పైన మూసేస్తే గాలి అందక, నీరు దిగక ఆ సన్నవేర్లు మొదట చస్తాయి. బతకాలని మిగిలిన వేర్లు కాంక్రీటు అడుగున ఉన్న సన్నటి ఖాళీలో తేమ వెతుక్కుంటూ పాకి, లావెక్కి, ఫుట్‌పాత్‌ను పైకి లేపుతాయి. అప్పుడు ఫుట్‌పాత్‌ను పాడుచేసిందని చెట్టును నరుకుతారు. మరోవైపు కాండం ఏటా లావెక్కుతుంది, చుట్టూ ఉన్న సిమెంటు కదలదు. బెరడు నలిగి, ఆ సందులో నీరు నిలిచి, కుళ్లు మొదలవుతుంది. పైన ఆకులు నాలుగైదేళ్లు పచ్చగానే ఉండవచ్చు. తర్వాత ఏ మే నెల సాయంత్రమో ఈదురుగాలికి చెట్టు మొదలంటా ఒరిగి కింద ఉన్న ఆటో మీదో, స్కూటర్ మీదో పడుతుంది. మరునాడు పేపర్లో 'గాలివానకు కూలిన చెట్టు' అని వస్తుంది. దాన్ని గాలి పడగొట్టింది నిజమే, నిలబడలేకుండా చేసింది మాత్రం కాంక్రీటు.

నీటి లెక్క చూడండి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మొదలు చుట్టూ ఒక మీటరు వ్యాసార్థంలో మట్టి వదిలితే ఆ వృత్తం విస్తీర్ణం 3.14 చదరపు మీటర్లు. దాని మీద నేరుగా పడే వాన నీరు ఏడాదికి దాదాపు 2,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులో సగం. ఒక్కో చెట్టు దగ్గర ఇంత నీరు మట్టిలోకి దిగకుండా మూసేసి, ఆ నీటినే మోరీలోకి, మోరీ నుంచి నాలాలోకి పంపి, గల్లీ మునిగిందని మోటార్లు పెట్టి తోడుతున్నాం. ఎండాకాలంలో అదే గల్లీకి ట్యాంకరు తెప్పించుకుంటున్నాం.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లో, ఢిల్లీ చెట్ల విషయంలో, మొదలు చుట్టూ ఒక మీటరు లోపల ఉన్న సిమెంటు తీసేయాలని ఆదేశించింది. ఆ పని ఇక్కడా చేయవచ్చు. ఎలాగో చెబుతున్నాం.

పాత చెట్ల దగ్గర జేసీబీ పెట్టకండి. సుత్తి, ఉలి, చిన్న బ్రేకరు చాలు. కాండం దగ్గర మొదలుపెట్టకుండా, ఒక మీటరు బయట గీత గీసి అక్కడి నుంచి లోపలికి పగలగొట్టుకుంటూ రావాలి. చివరి అడుగు చేత్తోనే చేయాలి. బెరడుకు అతుక్కున్న ముక్క తేలిగ్గా రాకపోతే లాగకుండా వదిలేయడం మేలు. అడుగున ఉన్న ఇటుక ముక్కలు, సిమెంటు మాల్ గడ్డలు ఏరేసి, రెండు మూడు అంగుళాల మందాన ఎర్రమట్టి, కంపోస్టు కలిపి పరచాలి. కాండం మీదికి మట్టి ఎగదోయకూడదు. అంచు రాయి నేలతో సమంగా ఉండాలి. అంచు ఎత్తుగా కడితే వాన నీరు లోపలికి రాదు, చేసిన పని వృథా.

ఫుట్‌పాత్ నాలుగడుగులే ఉంది, మీటరు వదిలితే మనుషులు ఎక్కడ నడవాలి అని మీ ఇంజినీర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అలాంటి చోట గుండ్రంగా కాక, రోడ్డు పొడవునా రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు పట్టీ వదలండి. నడవాల్సిన చోట టైల్స్ కింద సిమెంటు బెడ్డు వేయకుండా, ఇసుక మీద టైల్స్ పరచి సందుల్లో ఇసుక నింపండి. నీరు దిగుతుంది, వేరు లేచినప్పుడు నాలుగు టైల్స్ తీసి సరిచేసుకోవచ్చు. పట్టీ మీద 20 మిల్లీమీటర్ల కంకర పలచగా పరిస్తే చక్రాల కుర్చీ కాకపోయినా కాలు పడుతుంది, మట్టి గట్టిపడదు.

మేము కోరేది: ఇకపై ప్రతి రోడ్డు, ఫుట్‌పాత్, మోరీ టెండరులో 'చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు, వీలుకాని చోట రెండడుగుల వెడల్పున ఆరడుగుల పట్టీ మట్టిగా వదలాలి, వదలకపోతే ఆ భాగానికి బిల్లు చెల్లించరు' అన్న షరతు పెట్టండి. షరతుకు ఖర్చు లేదు. బిల్లు ఆగుతుందంటే మేస్త్రీ తప్పక వదులుతాడు.

2. కేబుల్, పైపు, మోరీ తవ్వకాలు

వేసిన రోడ్డును మళ్లీ మళ్లీ తవ్వడం మీద జనం కోపం అందరికీ తెలుసు. చెట్టుకు జరిగే నష్టం మాత్రం కంటికి కనబడదు. వేర్లు కొమ్మల అంచు దాటి కూడా పాకి ఉంటాయి. కాండానికి అడుగు దూరంలో జేసీబీ ఒక పొడవాటి కందకం తీస్తే, ఆ వైపు వేర్లన్నీ తెగుతాయి. ఆ చెట్టు ఇక ఒంటికాలి మీద నిలబడ్డట్టే. రెండు మూడు వానల తర్వాత మట్టి మెత్తబడి, కందకం వైపు నుంచి గాలి కొట్టినప్పుడు పడిపోతుంది.

పైపులు, కేబుళ్లు వేసే ఇంజినీర్లు ఇతర దేశాల్లో పాటించే కొలత ఒకటి ఉంది. ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత తీసుకుని, దానికి నాలుగు రెట్ల దూరం లోపల యంత్రం వాడరు. చుట్టుకొలత ఒక మీటరు ఉన్న వేపకు నాలుగు మీటర్లు. మన గల్లీల్లో అంత దూరం జరగడం కుదరదని మాకూ తెలుసు. కుదరని చోట గడ్డపార, పారతో తవ్వి, రెండున్నర సెంటీమీటర్ల కన్నా లావున్న వేరు తగిలితే దాన్ని కోయకుండా కింది నుంచి పైపు దూర్చాలి. లేదా గుంతకూ గుంతకూ మధ్య అడ్డంగా బోరింగ్ చేసి కేబుల్ లాగాలి. బోరింగ్ యంత్రాలు ఈ నగరంలో రోజూ పనిచేస్తూనే ఉన్నాయి. బయటపడ్డ వేర్లను ఎండలో వదలకుండా తడి గోనెసంచి కప్పి, అదే రోజు పూడ్చాలి. పూడ్చేది తవ్విన మట్టితోనే, కాంక్రీటు చెత్తతో కాదు.

తవ్వకానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే ఆ దారిలో ఉన్న చెట్ల సంఖ్య, ఒక్కోదాని చుట్టుకొలత రాయాలని కోరుతున్నాం. ఏ చెట్టు ఎవరి తవ్వకం తర్వాత పడిందో అప్పుడు తెలుస్తుంది.

3. కరెంటు తీగల కోసం తలలు నరకడం

తీగకు కొమ్మ తగలకూడదు. ఇందులో మాకు రెండో మాట లేదు. తడి కొమ్మ 11 కేవీ తీగను తాకితే ఫీడరు ట్రిప్ అయి కరెంటు పోవడమే కాదు, కింద నిలబడ్డ మనిషి ప్రాణం పోవచ్చు. మా అభ్యంతరం కొట్టే తీరు మీద, కొట్టే నెల మీద.

వానాకాలం ముందు పనుల పేరుతో ఏప్రిల్, మే నెలల్లో సిబ్బంది వచ్చి చెట్టు తలను అడ్డంగా నరికి మోడు చేసి వెళ్తారు. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, జనానికి నీడ అవసరమైన ఆ ఆరు వారాల్లోనే, వీధి బోడిగా మారుతుంది. నరికిన చోట నుంచి వర్షాలకు గుత్తులు గుత్తులుగా కొత్త చిగుళ్లు వస్తాయి. ఇవి లోపలి కట్టె నుంచి కాక బెరడు కింద నుంచి పుడతాయి కనుక పట్టు తక్కువ. పైగా ఇవి పాత కొమ్మల కన్నా త్వరగా పెరిగి ఏడాది, రెండేళ్లలో మళ్లీ తీగను తాకుతాయి. ఈలోగా కింద నరికిన మొద్దు కుళ్లుతుంది. కుళ్లిన మొద్దు మీద పట్టులేని బరువైన కొమ్మ గాలికి విరిగి అదే తీగ మీద పడుతుంది. అంటే మీరు చేస్తున్న పనే మీ పనిని పెంచుతోంది. కరెంటు పోయి రాత్రంతా ఆక్సిజన్ యంత్రం ఆగిన ఇంటివాళ్లకు ఈ లెక్కలేవీ పట్టవు, వాళ్లు చెట్టునే తిడతారు.

కొమ్మ తీయడానికి పద్ధతి ఉంది. మూడు కోతలు. కాండానికి అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి మూడో వంతు దాకా మొదటి కోత. దానికి రెండు మూడు అంగుళాలు అవతల పైనుంచి రెండో కోత. కొమ్మ బెరడు చీరకుండా ఊడి పడుతుంది. మిగిలిన చిన్న మోడును, కాండం దగ్గర ఉండే ఉబ్బును వదిలేసి, ఆ ఉబ్బు అంచున మూడో కోత. ఆ ఉబ్బులోనే గాయాన్ని మూసే శక్తి ఉంటుంది. దాన్ని కోసేసినా గాయం మూసుకోదు, అడుగు పొడుగు మోడు వదిలినా మూసుకోదు. గాయానికి తారు, పెయింటు పూయనక్కర్లేదు. గొడ్డలి, కత్తి వద్దు, రంపం వాడాలి. ఒక విడతలో మొత్తం గుబురులో నాలుగో వంతు మించి తీయకూడదు. తీగ వైపు మాత్రమే నరికితే బరువంతా ఇళ్ల వైపు ఒరుగుతుంది కనుక రెండో వైపు కూడా కాస్త తేలిక చేయాలి. తీగ గుబురు మధ్య నుంచి పోతుంటే దాని చుట్టూ ఖాళీ ఉండేలా లోపలి కొమ్మలు ఎంచి తీస్తే తల నరకనక్కర్లేదు.

పెద్ద కొమ్మల పని నవంబరు నుంచి జనవరి మధ్య పెట్టుకోండి. మే నెలలో తీగను నిజంగా తాకుతున్న కొమ్మ చివర్లు మాత్రమే తీయండి. కాలనీ గల్లీల్లో ఇళ్లకు కరెంటు ఇచ్చే ఎల్టీ తీగల బదులు పైపూత ఉన్న ఏబీ కేబుల్ వేస్తే ఇంత నరుకుడే అవసరం ఉండదు. చెట్లు ఎక్కువగా ఉన్న గల్లీలకు ముందుగా ఇవ్వండి. కొట్టిన కొమ్మలు అదే రోజు ఎత్తించండి. మూడో రోజుకు అవి ఎండి, ఎవరో అగ్గిపెట్టి, ఆ మంట ఆ చెట్టు మొదట్లోనే రగులుతుంది.

ఇంకొక మాట. ఈ పని చేసే కూలీలకు హెల్మెట్ లేదు, నడుముకు బెల్టు లేదు. చెప్పులతో చెట్టెక్కి తీగ పక్కన గొడ్డలి ఊపుతున్నారు. లైన్ ఆపారో లేదో కూడా వాళ్లకు ఎవరూ చెప్పరు. చెట్టు కన్నా ముందు ఆ మనిషి గురించి అడుగుతున్నాం: లైన్ ఆపినట్టు రాతపూర్వకంగా చూపించాకే కొమ్మ మీద కాలు పెట్టనివ్వండి.

4. నాటడం, మూడు వేసవులు దాటించడం

నగరంలో మొక్కలు నాటేది ఎక్కువగా ఫొటో కోసం, లెక్క కోసం. రెండడుగుల మొక్కను అడుగు గుంతలో, నర్సరీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దింపి వెళ్తే ఆ వేర్లు కవరులోనే చుట్టుకుని ఉరిపోసుకుంటాయి. మొక్క బతికినా పదేళ్ల తర్వాత పడిపోతుంది. సరిగా చేస్తే ఇలా ఉంటుంది.

గుంతలు మే నెలలో తీయాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. మన కాలనీల్లో అడుగు తవ్వగానే మొరం, దాని పైన కట్టడాల చెత్త వస్తుంది కనుక ఈ పనికి ఓపిక కావాలి. కొలత తగ్గించినా రెండడుగుల కన్నా తగ్గొద్దు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిని మళ్లీ గుంతలో వేయకూడదు. ఆ మట్టిలో మొక్క ఇనుము తీసుకోలేక ఆకులు పసుపెక్కుతాయి. గుంత నిండా నీళ్లు పోసి మరునాడు చూడండి. నీరు ఇంకా నిలిచే ఉంటే అడుగున గడ్డపారతో మొరాన్ని పగలగొట్టాలి. లేకపోతే వానాకాలంలో అది నీళ్లతొట్టి అవుతుంది.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పెంట వేస్తే చెదలు పడతాయి. రెండు మంచి వానలు పడి నేల తడిసాక, జూన్ చివర నుంచి ఆగస్టు లోపు నాటాలి. మొక్క ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు, కాండం బొటనవేలంత లావు, నిటారు కొన ఒక్కటే ఉన్నది తీసుకోండి. కవరు పూర్తిగా తీసి, మట్టిగడ్డ చుట్టూ గుండ్రంగా తిరిగిన వేర్లను నిలువుగా రెండు మూడు చోట్ల కోయాలి. వేరూ కాండమూ కలిసే చోటు నేలమట్టానికి ఉండాలి. లోతుగా పాతితే బెరడు కుళ్లుతుంది.

రెండు పక్కలా రెండు వెదురు కర్రలు పాతి, కొబ్బరి తాడుతోనో పాత సైకిల్ ట్యూబుతోనో వదులుగా కట్టాలి. ఇనుప తీగతో కట్టొద్దు, అది కాండంలోకి దిగిపోతుంది. ఏడాది, ఏడాదిన్నరకు కర్రలు తీసేయాలి. గాలికి ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఆవులు, మేకలు తిరిగే వీధిలో ట్రీగార్డు ఐదడుగులకు తగ్గితే లాభం లేదు. ఆ గార్డును మూడు నాలుగేళ్లకు తీయాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇనుప చట్రం కాండంలోకి దిగి, చెట్టు దాన్ని మింగుతున్న దృశ్యం ఏ పాత కాలనీలో అయినా కనిపిస్తుంది.

నీళ్లు: వారానికి రెండుసార్లు, ఒక్కో మొక్కకు ఇరవై లీటర్లు, ఫిబ్రవరి నుంచి వానలు కుదురుకునే దాకా. అంటే ఒక వేసవికి ఒక మొక్కకు దాదాపు 700 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒక విడతలో 250 మొక్కలకు సరిపోతుంది. అయితే ట్యాంకరు లావుపాటి పైపు పూర్తిగా తెరిచి కదులుతూ కొట్టిపోతే మట్టి లేచిపోయి వేర్లు బయటపడతాయి, నీరు రోడ్డెక్కుతుంది. పాదు కట్టి, బకెట్టుతోనో సన్న పైపుతోనో నిదానంగా పోయాలి. పాదులో మూడంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలితే నీళ్ల అవసరం తగ్గుతుంది. ఒక్క వేసవి కాదు, మూడు వేసవులు ఇలా చూడాలి.

మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దలు ఊరికే అనలేదు. రెండో ఏడు నుంచి జంట కొనల్లో ఒకటి తీసేస్తూ, కింది కొమ్మలను ఏటా కొన్ని చొప్పున తగ్గిస్తూ ఎనిమిది అడుగుల దాకా కాండం ఖాళీ చేస్తే, పదేళ్ల తర్వాత స్కూలు బస్సుకు కొమ్మ తగలదు, దాన్ని నరికే అవసరమూ రాదు. ఇది చిన్న కత్తెరతో అయిపోయే పని. చేసేవాళ్లు లేక, పెద్ద రంపాల దాకా తెస్తున్నాం.

2019 తెలంగాణ పురపాలక చట్టం నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలంది. 2020లో హైదరాబాద్ నగరపాలక చట్టానికి చేసిన సవరణ, బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలంది. చట్టం ఉంది, డబ్బుకు దారి ఉంది. లేనిది వీధి వారీ లెక్క. నాటిన సంఖ్య ప్రకటించడం మానేసి, ఏటా జూన్ ఒకటిన ప్రతి వార్డులో 'మూడు వేసవులు దాటిన మొక్కలు ఇన్ని' అని బోర్డు పెట్టండి. కాంట్రాక్టరుకు నాటినప్పుడు సగం, మిగతా సగం మూడో వేసవి తర్వాత బతికి ఉన్నవాటికే ఇవ్వండి.

5. ఎక్కడ ఏ చెట్టు

త్వరగా పెరిగే విదేశీ చెట్టు కోనోకార్పస్‌ను నాటవద్దని రాష్ట్ర ప్రభుత్వమే 2022లో చెప్పింది. అయినా గేటెడ్ కాలనీల గోడల వెంట, డివైడర్లలో అది ఇంకా కనిపిస్తోంది. త్వరగా పచ్చగా పెరిగేదే కావాలన్న తొందర మనది. ఆ తొందరలోనే వెనకటి తరం పసుపు పూల పెల్టోఫోరం, తురాయి వరసలుగా పెట్టారు. పూసినప్పుడు కనులపండుగే గానీ పెల్టోఫోరం కొమ్మ పెళుసు, తురాయి వేరు పైపైనే ఉంటుంది. మేలో ముందుగా పడేవి ఇవే. ఏడాకుల పొన్న చలికాలం మొదట్లో పూసినప్పుడు ఘాటు వాసన వస్తుంది. ఇళ్ల కిటికీల ముందు వరసగా నాటకపోవడం మంచిది.

తీగల కింద, సన్నటి పట్టీ ఉన్న చోట దేవకాంచనం వంటి చిన్న చెట్లు ఐదు మీటర్లకొకటి చాలు. తీగ లేని వైపు, నాలుగు నుంచి ఆరడుగుల మట్టి ఉంటే కానుగ, పొగడ, రేల, ఎనిమిది మీటర్లకొకటి. పొగడ నిదానంగా పెరుగుతుంది, కానీ ఏడాది పొడవునా దట్టమైన నీడ, గాలికి గట్టిది. మాకైతే కాలనీ వీధికి ఇంతకు మించింది లేదు. వేప, నేరేడు, చింత వెడల్పు రోడ్లకు, పది పన్నెండు మీటర్ల ఎడంతో. రావి, మర్రి పార్కులకు, చెరువు గట్లకు. ఒకే వీధంతా ఒకే జాతి వద్దు. ఎందుకో వేప చూపించింది.

6. వేపకు వచ్చిన ఎండు తెగులు

కొన్నేళ్లుగా వానాకాలం చివర వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడినట్టు ఎండుతున్నాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, రసం పీల్చే టీ దోమ అనే పురుగు దీనికి కారణాలు. చూడ్డానికి చెట్టంతా చచ్చినట్టే ఉంటుంది. చాలా చెట్లు వేసవి మొదట్లో మళ్లీ చిగురిస్తాయి. కనుక డిసెంబరులో ఎండిన వేపను కొట్టేయకండి. గోరుతో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. ఎండిన కొమ్మలు తీసి దూరంగా పారేసి, ఏప్రిల్ దాకా ఆగండి.

7. మేకులు, మంటలు, యాసిడ్

ట్యూషన్ బోర్డులు, అద్దె బోర్డులు మేకులతో కొట్టడం, ఇంటర్నెట్ వైర్లు కాండానికి బిగించడం, ఊడ్చిన ఆకులు మొదట్లో పోసి తగలబెట్టడం ఆపాలి. మంట వేడికి ఆ వైపు బెరడు కింది పొర చస్తుంది, ఆకుల నుంచి వేర్లకు ఆహారం దిగే దారి తెగుతుంది. ఇక దుకాణం బోర్డుకు అడ్డమని రాత్రిపూట బెరడు ఒలిచి, రంధ్రం చేసి యాసిడ్ పోసేవాళ్లున్నారు. ఇది నేరం. పచ్చని చెట్టు ఒక వైపు నుంచి హఠాత్తుగా ఎండుతోందని ఫోన్ వస్తే అదే రోజు వచ్చి మొదలు పరీక్షించే మనిషి కావాలి.

8. నరకడం, బదులు నాటడం

ప్రమాదకరమైన చెట్టును ఉంచమని మేము అనడం లేదు. మొదట్లో పుట్టగొడుగులు, కర్ర సుత్తితో కొడితే డొల్ల శబ్దం, గాలివాన తర్వాత ఒక పక్క నేల పగులు, ఉన్నట్టుండి ఒరగడం కనిపిస్తే తీసేయాల్సిందే. కానీ ఆ నిర్ణయం కాగితం మీద, కారణంతో, ఫొటోతో, తెలిసిన మనిషి సంతకంతో ఉండాలి. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ఆ అనుమతి పత్రాన్ని ఏడు రోజుల ముందు చెట్టుకే కట్టండి. వీధివాళ్లు చదువుకుంటారు, అభ్యంతరం ఉంటే చెబుతారు.

ఒక చెట్టుకు బదులు పది మొక్కలు నగరం అవతల ఎక్కడో నాటామంటే ఈ వీధి ముసలివాళ్లకు ఒరిగేది లేదు. 1908 మూసీ వరదలో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అంత చెట్టును పది మొక్కలు ఒక మనిషి జీవితకాలంలో భర్తీ చేయవు. బదులు మొక్కలు అదే వీధిలో, కుదరకపోతే అదే వార్డులో నాటాలి. పెద్ద చెట్లను పెకిలించి వేరేచోట పాతడాన్ని సులువైన పరిష్కారంగా చూపించకండి. వేరుగడ్డ చిన్నదైతే, తర్వాత రెండు మూడేళ్లు నీళ్లు పోసే దిక్కు లేకపోతే అది ఖర్చుతో కూడిన నరుకుడే.

కాలనీ సంఘాల పెద్దలకు ఒక మాట. పైవాటిలో సగం మన చేతుల్లోనే ఉంది. గేటు ముందు కారు పెట్టుకోవడానికి సిమెంటు పోయించింది మనమే. ఆకులు రాలుతున్నాయని చెట్టు కొట్టమని అర్జీ పెట్టేదీ మనలో కొందరే. సంఘం సమావేశంలో ఒక్కో గల్లీకి ఇద్దరిని చెట్ల బాధ్యులుగా పెట్టుకుందాం. వేసవిలో బోరు నీళ్లు, ఆర్వో యంత్రం నుంచి పోయే నీళ్లు ఉంటాయి. ఆర్వో నీళ్లలో ఉప్పు ఎక్కువ కనుక నేరుగా పోయకుండా మామూలు నీళ్లు కలిపి వాడాలి. పెళ్లి పందిరికి, వినాయక మండపానికి చెట్టుకు మేకు కొట్టకుండా తాడు కట్టుకోవచ్చు.

అధికారులకు చివరిగా: పై ఎనిమిది అంశాల్లో మూడింటికి ఈ వానాకాలం లోపే, కొత్త బడ్జెట్ అక్కర్లేకుండా ఆదేశం ఇవ్వవచ్చు. టెండరులో ఒక మీటరు షరతు. మే నెలలో తలలు నరకడం ఆపడం. తవ్వకం అనుమతి పత్రంలో చెట్ల వివరాలు. వీటి మీద జూన్ 30 లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి, మేము చదివి మాట్లాడతాం. అలాగే మొక్కలు, రోడ్లు, కరెంటు మూడు విభాగాల నుంచి ఒక్కొక్కరు కలిసి కూర్చునే వార్డు స్థాయి సమావేశం నెలకు ఒకటి పెట్టి, వీధి చెట్ల బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు వార్డు కార్యాలయం గోడ మీద రాయించండి. సమావేశానికి మేము వస్తాం. మా వీధుల చెట్ల జాబితా, చుట్టుకొలతలు, సిమెంటు మూసేసిన మొదళ్ల ఫొటోలు వెంట తెస్తాం.

ఇట్లు,
వీధి చెట్ల బాగోగులు చూస్తున్న కాలనీవాసులు, వారితో కలిసి పనిచేస్తున్న ఉద్యాన, సివిల్ ఇంజినీరింగ్ తెలిసినవారు
హైదరాబాద్